పవర్ ఎంత పెట్టాలో వినేవైపు తేల్చాలి

సంపాదకులకు,

సిగ్నల్ సరిగా అందకపోతే రౌటర్ పవర్‌ను ఆఖరి మెట్టుదాకా పెంచుకోమని, అదీ చాలకపోతే బూస్టర్ తెచ్చి తగిలించుకోమని సాంకేతిక శీర్షికల్లో తరచూ సలహాలు వస్తుంటాయి. ఇచ్చేవారి ఉద్దేశం మంచిదే. కానీ ఒకే ఫ్రీక్వెన్సీని పదిమంది పంచుకునేచోట ఒకరు పెంచిన ప్రతి డెసిబెల్ మిగతా తొమ్మిదిమంది చెవిలో రొదగా పడుతుంది. ఆ రొదను దాటడానికి వాళ్లూ పెంచుతారు. చివరికి అందరూ అరుస్తుంటారు, ఎవరి మాటా ఎవరికీ అందదు. ఎవరు ఎంత పవర్‌తో పంపాలో అవతల వినే పరికరం కొలిచి చెప్పాలి. మొబైల్ నెట్‌వర్కులు ఈ పద్ధతిని 1990ల నుంచే పాటిస్తున్నాయి. వైఫై పెట్టుకునేవాళ్ల దాకానే ఇది ఇంకా రాలేదు. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాం.

ముందు కొలత సంగతి. రేడియో పవర్‌ను డీబీఎంలలో చెబుతారు. 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్. 10 డెసిబెల్‌లు పెరిగితే పది రెట్లు, 3 పెరిగితే రెట్టింపు. ఆ లెక్కన 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు, 23 అంటే సుమారు 200, 30 అంటే 1 వాట్. అడ్డంకుల్లేని చోట దూరం రెట్టింపైతే అందే బలం 6 డెసిబెల్‌లు పడిపోతుంది. కట్టడాల మధ్య, నేలకు దగ్గరగా ఈ నష్టం 10 నుంచి 12 దాకా ఉంటుంది.

ఇప్పుడు టవర్‌కు 100 మీటర్లలో ఒక ఫోను, 1 కిలోమీటరులో మరొక ఫోను ఉన్నాయనుకోండి. రెండూ ఒకే పవర్‌తో పంపితే, కట్టడాల మధ్య దగ్గరి ఫోను 40 డెసిబెల్‌లు, అంటే 10,000 రెట్లు, బలంగా వినిపిస్తుంది. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి మాట్లాడే సీడీఎంఏలో ఈ తేడాను ఒక్కో ఫోనుకు ఇచ్చిన వేర్వేరు కోడ్‌లే సర్దుబాటు చేయాలి. తొలి సీడీఎంఏ ప్రమాణమైన ఐఎస్-95లో సెకనుకు 9,600 బిట్‌ల మాటను 12,28,800 చిప్‌లుగా, అంటే కోడ్ ముక్కలుగా, పరిచేవారు. దానివల్ల వచ్చే లాభం 128 రెట్లు, అంటే 21 డెసిబెల్‌లు. 40 డెసిబెల్‌ల తేడాలో 21 పోగా ఇంకా 19 మిగిలే ఉంది. దూరపు ఫోను గొంతు ఎప్పటికీ లేవదు. అదే అందరి సిగ్నల్ టవర్ దగ్గర సమానంగా చేరితే, ఒక్కొక్కరికి రొద మీద 5 రెట్ల ఆధిక్యం కావాలనుకున్నా, ఒంటరి సెల్‌లో (పక్కన వేరే టవర్లు లేని ఒక టవర్ పరిధిలో) సుమారు 26 మంది మాట్లాడుకోవచ్చు. వాళ్లలో ఒక్క ఫోను 10 డెసిబెల్‌లు ఎక్కువగా పంపితే అది ఒక్కటే పదిమంది చోటును ఆక్రమిస్తుంది. 26 మంది కాస్తా 17కు దిగుతారు. ఆ ఒక్కరికి దక్కిన అదనపు ప్రయోజనం మాత్రం దాదాపు సున్నా.

అందుకే టవర్ చెబుతుంది, ఫోను వింటుంది. ఇందులో మూడు అంచెలున్నాయి. మొదటిది ఓపెన్ లూప్. ఫోను టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను కొలిచి, దారిలో ఎంత బలం పోయిందో అంచనా కట్టి, ఆ మేరకు తన పవర్‌ను మొదలుపెడుతుంది. ఇది తొలి పలకరింపు వరకే పనికొస్తుంది. వచ్చే ఫ్రీక్వెన్సీ వేరు, పోయే ఫ్రీక్వెన్సీ వేరు. 2100 మెగాహెర్ట్జ్ బ్యాండులో రెంటి మధ్య 190 మెగాహెర్ట్జ్‌ల ఎడం ఉంటుంది. దూరం వల్ల, గోడల వల్ల కలిగే నష్టం రెండు దిశల్లోనూ దాదాపు ఒకటే. ప్రతిఫలించి వచ్చిన తరంగాలు కలిసి బలాన్ని క్షణక్షణం ఎగరేసి ముంచే ఫేడింగ్ మాత్రం రెండు దిశల్లో ఒకేలా ఉండదు. ఆ ఊగిసలాట టవర్‌కు కనిపిస్తుంది, ఫోనుకు కనిపించదు.

అందుకని రెండో అంచె, క్లోజ్డ్ లూప్. టవర్ తనకు అందిన సిగ్నల్‌ను లక్ష్యంతో పోల్చి ఒకే ఒక్క బిట్ పంపుతుంది: పెంచు, లేదా తగ్గించు. ఐఎస్-95లో ఈ ఆజ్ఞ సెకనుకు 800 సార్లు వచ్చేది, 3జీ పద్ధతి డబ్ల్యూసీడీఎంఏలో 1,500 సార్లు వస్తుంది. మెట్టు సాధారణంగా 1 డెసిబెల్. ఈ బిట్‌కు తప్పులను సరిదిద్దే కోడింగ్ రక్షణ ఉండదు, ఎందుకంటే దానికి సమయం చాలదు. ఒకటి తప్పినా వెంటనే ఇంకొకటి వస్తుంది. నడిచే మనిషి చేతిలో 2000 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ సెకనుకు ఐదారు సార్లు ఊగుతుంది కనుక ఆజ్ఞలు దాన్ని తేలిగ్గా పట్టుకుంటాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ ఊగు సెకనుకు 111 సార్లకు చేరుతుంది. ఒక్కో ఊగుకు పదమూడు ఆజ్ఞలే మిగులుతాయి, వాటిలోనూ కొలిచి, పంపి, అమలు చేసేసరికి కొన్ని పాతబడిపోతాయి. ఇంకా వేగం పెరిగితే పవర్ నియంత్రణ వెనకబడుతుంది. అక్కడ సంభాషణను నిలబెట్టేవి తప్పులను సరిదిద్దే కోడింగ్, బిట్‌లను చెదరగొట్టి పంపే ఇంటర్‌లీవింగ్.

మూడో అంచె అవుటర్ లూప్ ఆ లక్ష్యాన్నే మారుస్తుంది. నూటికి ఒక ఫ్రేమ్ (పంపే మాటలో ఒక చిన్న తునక) చెడినా ఫర్వాలేదు అనుకుంటే, ఫ్రేమ్ చెడినప్పుడల్లా లక్ష్యాన్ని 0.5 డెసిబెల్ పెంచాలి, బాగా అందిన ప్రతి ఫ్రేమ్‌కు సుమారు 0.005 తగ్గించాలి. ఈ రెండు మెట్ల నిష్పత్తే ఆ నూటికి ఒకటిని నిలబెడుతుంది. చాలా అమరికలు ఇక్కడే దెబ్బతింటాయి. ఫోను అప్పటికే గరిష్ఠ పవర్‌లో ఉండి ఫ్రేములు చెడుతుంటే లక్ష్యం పెరుగుతూనే పోతుంది, ఫలితం ఉండదు. తర్వాత ఆ ఫోను గోడ చాటు నుంచి బయటికి రాగానే, పెరిగిపోయిన లక్ష్యం కోసం అవసరానికి మించిన బలంతో సెకన్ల తరబడి పంపుతుంది. ఫోను గరిష్ఠ పవర్ అనే పైకప్పును తాకినప్పుడు లక్ష్యాన్ని అక్కడే స్తంభింపజేయడం తప్పనిసరి.

2జీ పద్ధతి జీఎస్‌ఎంలో ఇంత హడావిడి అక్కర్లేదు. ఒక సెల్‌లో ఒక్కొక్కరికి వేర్వేరు సమయమో ఫ్రీక్వెన్సీయో ఉంటుంది కాబట్టి, 480 మిల్లీసెకన్లకు ఒక విడత కొలతలతో, 900 మెగాహెర్ట్జ్‌లో 2 వాట్ల నుంచి 3 మిల్లీవాట్ల దాకా 2 డెసిబెల్‌ల మెట్లలో దింపితే సరిపోతుంది. ఇక్కడే ఒక మాట: టవర్‌కు దగ్గరగా ఉంటే చేతిలోని ఫోను ఎక్కువ రేడియేషన్ ఇస్తుందనే భయం చాలామందికి ఉంది. జరిగేది సరిగ్గా తలకిందులు. టవర్ దూరమైనకొద్దీ ఫోను పవర్ పెరుగుతుంది.

టవర్లు వేర్వేరుగా ఉండి ఒకరి సిగ్నల్ ఇంకొకరి మీద పడేచోట ఏం చేయాలన్నది అసలైన చిక్కు. 1993లో జెరార్డ్ ఫోషీనీ, జోరాన్ మిల్యానిచ్ అనే పరిశోధకులు దీనికి ఆశ్చర్యపోయేంత సులువైన నియమం ఇచ్చారు. ఎవరూ పక్కవారి వివరాలు తెలుసుకోనక్కర్లేదు. తనకు కావలసిన సిగ్నల్-రొద నిష్పత్తిని, ప్రస్తుతం అందుతున్న నిష్పత్తితో భాగించి, వచ్చిన సంఖ్యతో తన పవర్‌ను హెచ్చవేసుకోవాలి. 4 కావాల్సినచోట 2 అందుతుంటే రెట్టింపు చేయాలి, 8 అందుతుంటే సగం చేయాలి. అందరి కోరికలూ ఒకేసారి తీరే వీలుంటే, ఈ నియమం అందరినీ అతి తక్కువ పవర్‌ల దగ్గరికి తీసుకెళ్లి ఆపుతుంది.

వీలుంటే అన్న ఆ మాటలోనే అంతా ఉంది. రెండు జతలు తీసుకుందాం, ఒక్కో జతలో ఒక ఫోను, దాని టవర్. సొంత టవర్‌కు చేరే బలంలో ఐదో వంతు పక్క టవర్‌కూ చేరుతోంది. రిసీవర్‌లో సహజంగా ఉండే రొదను 1 అనుకుందాం. పక్కవారు లేకపోతే 4 నిష్పత్తికి 4 పాళ్ల పవర్ చాలు. ఇద్దరూ 4 కోరితే ఒక్కొక్కరు 20 పాళ్ల దగ్గర ఆగుతారు. ఇద్దరూ 4.5 కోరితే 45. 4.9 కోరితే 245. 5 కోరితే ఎక్కడా ఆగదు. 6 కోరితే ప్రతి విడతా ఇద్దరి పవర్ 1.2 రెట్లు కంటే ఎక్కువగా పెరుగుతూ పోయి, ఇద్దరూ పైకప్పును గుద్దుకుంటారు, ఇద్దరికీ అడిగింది దక్కదు. 4 నుంచి 4.9కి నాణ్యతలో తేడా 1 డెసిబెల్ కూడా లేదు, దానికి పవర్ మాత్రం 12 రెట్లు. కోరిక హద్దుకు దగ్గరయ్యేకొద్దీ ప్రతి చిన్న మెరుగుదలకూ చెల్లించే ధర ఇలా ఆకాశాన్ని అంటుతుంది.

సెల్‌లో కూడా ఇదే లెక్క. మోయగల భారంలో సగం నిండితే టవర్ దగ్గర రొద 3 డెసిబెల్‌లు పెరుగుతుంది, 75 శాతానికి 6, 90 శాతానికి 10. అందుకే డబ్ల్యూసీడీఎంఏ ప్లానింగ్‌లో సాధారణంగా 50 నుంచి 75 శాతం మధ్యే ఆగుతారు. ఆ హద్దు దాటాక పవర్‌తో చేయగలిగింది లేదు. కొందరి డేటా వేగం తగ్గించాలి, లేదా వేరే ఛానల్‌కో వేరే సమయానికో పంపాలి, లేదా కొత్త కాల్‌ను లోపలికి రానివ్వకూడదు. ఫోనులన్నీ ఒకేసారి గరిష్ఠ పవర్‌కు చేరాయని కొలతల్లో కనిపిస్తే సిగ్నల్ బలహీనంగా ఉందనుకునే ముందు ఈ పోటీని అనుమానించాలి.

4జీ పద్ధతి ఎల్‌టీఈలో సూత్రం ఇంకొంచెం తెలివైనది. ఫోను అప్‌లింక్ పవర్‌ను, అంటే టవర్ వైపు పంపే పవర్‌ను, నాలుగు సంఖ్యలు కూడి లెక్కిస్తుంది: తనకు కేటాయించిన రిసోర్స్ బ్లాకుల (ఫ్రీక్వెన్సీ ముక్కల) సంఖ్య డెసిబెల్‌లలో, టవర్ ప్రకటించిన మూల లక్ష్యం, ఆల్ఫా అనే గుణకంతో హెచ్చవేసిన పాత్ లాస్ (దారిలో పోయే బలం), టవర్ ఎప్పటికప్పుడు పంపే చిన్న సవరణలు. మొత్తం 23 డీబీఎం దాటకూడదు. లక్ష్యం మైనస్ 80, ఆల్ఫా 0.8, పాత్ లాస్ 100, బ్లాకులు 10 అయితే 10 మైనస్ 80 ప్లస్ 80, అంటే 10 డీబీఎం, 10 మిల్లీవాట్లు. పాత్ లాస్ 120కి పెరిగితే లెక్క 26 చెబుతుంది, ఫోను 23 దగ్గరే ఆగుతుంది. అప్పుడు, ఇంకా ఎంత పవర్ మిగిలుందో చెబుతూ ఫోను పంపే పవర్ హెడ్‌రూమ్ రిపోర్టులో మైనస్ 3 కనిపిస్తుంది. టవర్ చేయాల్సింది బ్లాకులను 5కు తగ్గించడం. సరిగ్గా 23లో సరిపోతుంది, ఉన్న బలమంతా ఆ ఐదింటి మీదే పడుతుంది. టవర్‌లో బ్లాకులను పంచే షెడ్యూలర్ ఈ రిపోర్టును పట్టించుకోకుండా 10 బ్లాకులే ఇస్తూ పోతే ఒక్కో బ్లాకు మీద బలం పలచబడి మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది.

ఆల్ఫాను 1 చేస్తే సెల్ అంచున ఉన్నవారికి పూర్తి పరిహారం దక్కుతుంది. అంచున ఉన్నవారే పక్క సెల్‌కు అందరికంటే దగ్గర కాబట్టి దాని మీద పడే రొదా పెరుగుతుంది. 0.7, 0.8 మధ్య పెడితే అంచువారు కొంచెం నెమ్మదిస్తారు, సెల్ మొత్తం మీద వెళ్లే డేటా పెరుగుతుంది. మా అభిప్రాయంలో సెల్‌లు ఒత్తుగా ఉన్నచోట ఇదే మంచి బేరం, టవర్లు దూరదూరంగా ఉన్నచోట 1కి దగ్గరగా ఉంచాలి. ఒక సెల్‌లో ఫిర్యాదులొస్తే అక్కడి మూల లక్ష్యాన్ని మాత్రం 5, 6 డెసిబెల్‌లు ఎత్తేయడం తరచూ జరిగే పొరపాటు. ఆ సెల్ వారంపాటు బాగుంటుంది. చుట్టుపక్కల సెల్‌లలో ఫిర్యాదులు మొదలవుతాయి, అక్కడా ఎత్తుతారు, తిరిగి మొదటికి వస్తుంది.

ఇంకో అపోహ, పవర్ రెట్టింపైతే వేగమూ రెట్టింపవుతుందని. గరిష్ఠంగా ఎంత వేగం సాధ్యమో చెప్పే షానన్ సూత్రం ప్రకారం సిగ్నల్ రొదకు 100 రెట్లున్నప్పుడు పవర్ రెట్టింపు చేస్తే వేగం 15 శాతమే పెరుగుతుంది. రొదా సిగ్నలూ సమానంగా ఉన్నచోట అదే రెట్టింపు 58 శాతం లాభమిస్తుంది. సిగ్నల్ బాగా ఉన్నవారు 3 డెసిబెల్‌లు వదులుకుంటే వారికి పోయేది కొంచెమే, బలహీనంగా ఉన్నవారికి ఒరిగేది చాలా ఎక్కువ.

ఇక వైఫై. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చే టవర్ లేదు. మాట్లాడబోయే ముందు వినడమే ప్రధాన నియమం. 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో మైనస్ 82 డీబీఎం కంటే బలంగా ఇంకో వైఫై ప్యాకెట్ మొదలు వినిపిస్తే పరికరం ఆగాలి. పవర్ పెంచడమంటే తన మాట విని ఆగిపోవాల్సిన వాళ్లను పెంచడమే. ఖాళీ ఆవరణలో 6 డెసిబెల్‌లు పెంచితే వినిపించే వైశాల్యం నాలుగింతలవుతుంది. అందులోని వాళ్లందరూ ఒకే సమయాన్ని పంచుకోవాలి.

ఫోను సంగతి మరిచిపోవడం రెండో తప్పు. రౌటర్ 23 డీబీఎంతో పంపినా ఫోను సాధారణంగా 12 నుంచి 18 లోపే పంపుతుంది. తెర మీద గీతలు నిండుగా కనిపిస్తాయి, కానీ అందిందని ఫోను చెప్పే జవాబు రౌటర్‌కు చేరదు. రౌటర్ అదే ప్యాకెట్‌ను మళ్లీ పంపుతుంది, వేగం దించుతుంది, ఇంకోసారి పంపుతుంది. రౌటర్‌కు ఎక్కువ యాంటెన్నాలుంటే వినడంలో కొన్ని డెసిబెల్‌లు కలిసొస్తాయి, తేడా పూర్తిగా తీరదు. పైగా పవర్‌ను ఆఖరి మెట్టుకు తిప్పినా అధిక వేగాల ప్యాకెట్లు బలపడవు. అధిక వేగాలకు వాడే 256 క్వామ్ అనే పద్ధతి కావాలంటే పంపే సిగ్నల్‌లో వక్రత మైనస్ 32 డెసిబెల్‌ల స్థాయికి అణిగి ఉండాలి, అందుకని చిప్ ఆ వేగాల్లో తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. ఆఖరి మెట్టు వల్ల దూరం పోయేవి రౌటర్ తన ఉనికిని చాటే బీకన్లు, నెమ్మది ప్యాకెట్లు మాత్రమే. ఫోను ఆ బీకన్లను నమ్మి దగ్గరి యాక్సెస్ పాయింట్‌కు (వైఫై ఇచ్చే పెట్టెకు) మారకుండా దూరపు దాన్నే పట్టుకుని వేలాడుతుంది.

సరైన క్రమం ఇది. వాడుకలో ఉండే అతి దూరపు చోట ఫోనుతో సిగ్నల్ కొలవాలి. చేతి పట్టు వల్లే 5 డెసిబెల్‌లు అటూ ఇటూ అవుతుంది, కాబట్టి నాలుగు వైపులా తిరిగి సగటు తీయాలి. అక్కడ మైనస్ 65, 67 డీబీఎంల మధ్య నిలిచేదాకా పవర్‌ను 3 డెసిబెల్‌ల చొప్పున దించుతూ రావాలి. శాతాల్లో చూపే రౌటర్లలో 50 శాతమంటే మామూలుగా 3 డెసిబెల్‌లు తక్కువ, 25 అంటే 6. కొన్ని పరికరాలు ఒక్కో యాంటెన్నాకు చూపుతాయి, కొన్ని మొత్తం చూపుతాయి. నాలుగు యాంటెన్నాలుంటే ఆ రెంటి మధ్య 6 డెసిబెల్‌ల తేడా వస్తుంది, ముందే చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 5 గిగాహెర్ట్జ్ కంటే సుమారు 7 డెసిబెల్‌లు తక్కువ నష్టపోతుంది గనుక, దాన్ని 6, 7 తక్కువగా పెడితే ఫోనులు 5 వైపు మొగ్గుతాయి. 2.4లో 1, 6, 11 ఛానళ్లు, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు మించవద్దు. అన్నీ కొత్త పరికరాలే అయితే 1, 2, 5.5 మెగాబిట్ వేగాలను ఆపేయాలి.

ఇందులో ఒక మెలిక ఉంది, దాచకుండా చెప్పాలి. చుట్టూ అందరూ ఎక్కువ పవర్‌లో ఉండి ఒక్కరే తగ్గిస్తే ఆ ఒక్కరే నష్టపోతారు. గట్టివాళ్ల మాట విని తగ్గించినవారు ఆగుతారు, తగ్గించినవారి మాట వినపడక గట్టివాళ్లు ఆగరు. కాబట్టి ఒకే భవనంలో ఉన్న యాక్సెస్ పాయింట్లన్నీ కలిసి దిగాలి. వాటన్నిటినీ కలిపి నడిపే కంట్రోలర్ ఉన్నచోట అది తానే దించుతుంది, అయితే గదుల పైకప్పుకు బిగించిన పరికరాలు ఒకదాన్నొకటి స్పష్టంగా వింటాయి, కింద గదుల్లోని ఫోనులకు మధ్యలో గోడలుంటాయి. ఆ తేడా కంట్రోలర్‌కు తెలియదు. కనిష్ఠ హద్దు పెట్టకపోతే అతిగా దించేస్తుంది.

చివరగా బూస్టర్. ఇది సిగ్నల్‌తోపాటు తన సొంత రొదనూ పెంచి టవర్ వైపు పంపుతుంది. దాని గెయిన్ (అది పెంచే మొత్తం), యాంటెన్నాలు కలుపుకొని టవర్ దాకా ఉన్న నష్టంతో సమానమైతే, ఎవరూ మాట్లాడకపోయినా టవర్ దగ్గర రొద దాదాపు రెట్టింపవుతుంది, 3 డెసిబెల్‌లు. అప్పటికే గరిష్ఠ పవర్‌లో ఉన్న అంచు ఫోనులు ఇంకా పెంచలేవు, తెగిపోతాయి. దూరంతో 3.5 ఘాతంలో నష్టం పెరిగేచోట ఆ 3 డెసిబెల్‌ల వల్ల సెల్ వైశాల్యంలో మూడో వంతు పోతుంది. లోపలి యాంటెన్నా, బయటి యాంటెన్నా మధ్య ఎడబాటు గెయిన్ కంటే 15 డెసిబెల్‌లైనా ఎక్కువ లేకపోతే మైకు కూసినట్టు అది తనంతట తానే కూయడం మొదలుపెడుతుంది. ఇంట్లో సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, చుట్టుపక్కల కాల్స్ కలవవు. నెట్‌వర్క్ సంస్థ అనుమతితో, గెయిన్‌ను టవర్ దూరాన్ని బట్టి తానే తగ్గించుకునే రకమైతే తప్ప పెట్టకూడదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ ఆ అవసరాన్ని ఏ హానీ లేకుండా తీరుస్తుంది.

మీ శీర్షికలో ఇకముందు పవర్ గురించి సలహా వేసేటప్పుడు ఎన్ని డీబీఎంలు, ఏ బ్యాండులో, ఎక్కడ నిలబడి కొలిచినవో కూడా వేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
రేడియో నెట్‌వర్క్ ప్లానింగ్ ఇంజినీర్లు